బొమ్మ కింద పేరు

మా ఇంట్లో ఇద్దరు బొమ్మల పనోళ్లున్నారు. ఒకరు మా మేనమామ. ఇంకొకడు మా తమ్ముడు. ఇద్దరూ పనిచేసింది రెజిన్ తోనే. మావయ్య చెయ్యి పడిన బొమ్మలు నాలుగు రోడ్ల సెంటర్లలో ఎండకీ వానకీ నిలబడి ఉంటాయి. తమ్ముడు చేసిన బొమ్మలు నేనెన్నడూ చూడని దేశాల్లో, అద్దాల బీరువాల్లో, లైట్ల వెలుగులో నిలబడి ఉంటాయి. మావయ్యవి నాయకుల బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు. తమ్ముడివి వీడియో గేముల్లో వీరులు, ఇంగ్లీషు సినిమాల్లో రాక్షసులు. ఒక్క బొమ్మ కింద కూడా మా ఇంటిపేరు లేదు.

నేను గవర్నమెంటు బళ్లో టీచర్ని. మా వంశంలో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని. డీఎస్సీ-2014లో ఉద్యోగం వచ్చింది. ఒకటో తరగతిలో చేరిన పిల్లకి నేను ముందు నేర్పేది 'అ' కాదు, దాని పేరు. పలక మీద తన పేరు తనే రాసుకున్న రోజు ఆ పిల్ల మొహం చూడాలి. ఆ పలకని ఇంటికెళ్లేదాకా చెరపదు. పేరు అంటే ఏంటో నాకు ఆ పిల్లల దగ్గరే తెలిసింది. పేరు లేకుండా బతికిన చేతులేంటో మా ఇంట్లోనే తెలిసింది. ఈ రెండూ కలిపి చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది కోనసీమ. మాదిగపేట. మా తాత చెప్పులు కుట్టేవాడు, డప్పు కొట్టేవాడు. ఊళ్లో రైతులు ఆయన చేతి చెప్పులు తొడుక్కునే పొలాలకెళ్లేవారు. చెప్పు మీద కుట్టినోడి పేరుండదు కదా. అయినా కుట్టు చూసి ఇది ఫలానావోడి చెయ్యి అని చెప్పేవారని మా అమ్మ అంటుంది. చెప్పు తెగితే మాత్రం గడప బయట నుంచే విసిరేవారు. చేతిపనికి గుర్తింపు, చేతికి దూరం. ఈ రెండూ ఒక్కచోటే ఉండటం మా తాత కాలంనించీ ఉన్నదే. రెజిన్ కొత్తది గానీ ఈ లెక్క పాతదే.

ప్లాస్టిక్కు చెప్పులొచ్చి మా తాత ఆరె మూలన పడ్డాక, మావయ్య పని వెతుక్కుంటూ ఒక బొమ్మల షెడ్డులో చేరాడు. మా కోనసీమలో కొత్తపేట బొమ్మలంటే ఎక్కడెక్కడి వాళ్లకో తెలుసు. మావయ్య పనిచేసింది అక్కడ కాదు. జిల్లా దాటాక ఒక టౌన్లో. ఆ షెడ్డు పేరు నేను చెప్పను. ఆ పని చేయించినోళ్లు ఇంకా బతికే ఉన్నారు.

సెంటర్లో బొమ్మకి దండ వేసేవాళ్లని చూస్తాం గానీ, ఆ బొమ్మ ఎలా తయారవుతుందో ఎంతమంది చూశారు? ముందు బంకమట్టితో బొమ్మ చేస్తారు. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, ముక్కలు ముక్కలుగా అచ్చు తీస్తారు. అంటుకోకుండా అచ్చు లోపల మైనం రుద్దుతారు. ముందొక పలచటి పూత. అది ఆరాక గాజు నారతో చేసిన మ్యాటు పరిచి, పాలియెస్టర్ రెజిన్లో గట్టిపడే మందు కలిపి, బ్రష్షుతో పొడుస్తూ పొడుస్తూ ఎక్కిస్తారు. రెండు పొరలు, మూడు పొరలు. గాలి బుడగ ఉండకూడదు. మందు కలిపాక నిమిషాలే టైము. చూస్తుండగానే గిన్నెలో రెజిన్ వేడెక్కి గడ్డకట్టేస్తుంది. తర్వాత ముక్కలన్నీ అతికి, పుట్టీ పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, రంగు వేస్తారు. బొమ్మ పైకి కంచులా కనపడుతుంది. లోపలంతా డొల్ల.

అచ్చు లోపల మ్యాటు ఎక్కించే పని మావయ్యది. రెజిన్లో ఉండే స్టైరీన్ వాసన ఒంట్లోంచి పోదు. అన్నం ముద్దలో ఆ వాసనే. గాజు నార చర్మంలో దిగితే రాత్రంతా దురద. మూతికి కట్టుకోడానికి తువ్వాలు తప్ప ఇంకేం లేదు. షెడ్డులో తాగే నీళ్లకి కుండ ఒకటే, గ్లాసులు రెండు. స్టీలుది కుండ మీద, సత్తుది గోడ మేకుకి. మేకుకున్నది మావయ్యది, ఇంకో ఇద్దరిది. ఆ గ్లాసుతో నీళ్లు తాగి, ఆ చేతులతోనే లోపలికెళ్లి అంబేద్కర్ కోటుకి మ్యాటు వేసేవాడు.

దేవుడి బొమ్మలు కూడా అదే షెడ్డులో అవేవి. వినాయకుడు, ఆంజనేయుడు, గుడి ముందు ద్వారపాలకులు. మ్యాటు వేసింది మావయ్యే, పుట్టీ రుద్దింది మావయ్యే. కళ్లు మాత్రం పెద్దమేస్త్రి పెట్టేవాడు. కళ్లు దిద్దే రోజున కొబ్బరికాయ కొట్టేవారు. ఆ తర్వాత మావయ్య ఆ బొమ్మని ముట్టుకోకూడదు. లారీ ఎక్కించడానికి కూడా వేరేవాళ్లు వచ్చేవారు. "కళ్లు లేనంతసేపూ నన్ను ముట్టుకోనిచ్చాడమ్మా దేవుడు. కళ్లొచ్చి నన్ను చూశాక ఒద్దన్నాడు" అని మావయ్య నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు.

2009 సెప్టెంబరులో రాజశేఖర రెడ్డి గారు చనిపోయాక షెడ్డుకి రాత్రీ పగలూ పని. ఊరూరా ఆయన బొమ్మలు కావాలన్నారు. ఒకే అచ్చులోంచి ఒకదాని తర్వాత ఒకటి తీసేవారు. అప్పట్నించే మావయ్యకి దగ్గు. తర్వాత ఆయాసం. 2013లో పని మానేశాడు. ఇన్నేళ్లూ పనిచేసినట్టు ఒక్క కాయితం లేదు. డాక్టరు ఏం పని చేసేవాడివని అడిగితే "బొమ్మల పనండి" అన్నాడు. డాక్టరు కొండపల్లి బొమ్మలనుకున్నాడు.

తమ్ముడికి మట్టి అలవాటైంది మావయ్య దగ్గరే. సెలవుల్లో ఆయన వెనకాల షెడ్డుకెళ్లి, పారేసిన మట్టి తెచ్చుకుని వేళ్లు, చెవులు, ముక్కులు చేసేవాడు. అదే రోజుల్లో వాడికి గేముల పిచ్చి పట్టింది. నెట్ సెంటర్లో గంటకింతని కట్టి ఆడేవాడు. డబ్బుల్లేనప్పుడు ఆడేవాళ్ల వెనక నిలబడి చూసేవాడు. గాడ్ ఆఫ్ వార్ అని 2005లో ఒక గేము వచ్చింది. అందులో క్రేటోస్ అని ఒక గ్రీకు సైనికుడు. దేవుడి మోసంలో పడి తన పెళ్లాన్నీ బిడ్డనీ తన చేత్తోనే చంపుకుంటాడు. వాళ్ల బూడిద శాపమై వాడి ఒంటికి అంటుకుపోతుంది. ఎంత కడిగినా పోదు. అందుకే వాడు తెల్లగా శవంలా ఉంటాడు, ఒంటి మీద ఎర్రటి చార ఉంటుంది. "ఎక్కడికెల్లినా ఆడి ఒళ్లు చూసి ఆడెవడో చెప్పేత్తారక్కా. మన పేట పేరు చెప్పగానే మనమెవరో తెలిసిపోయినట్టు" అన్నాడు తమ్ముడు. అప్పటికి వాడు పదో తరగతి.

డిగ్రీ మధ్యలో ఆపేసి హైదరాబాదెళ్లాడు. గేములకి బొమ్మలు తయారుచేసే ఒక స్టూడియోలో కుదిరాడు. అక్కడ మట్టి లేదు. కంప్యూటర్లోనే మట్టి. జీబ్రష్ అని 1999లో ఒక ప్రోగ్రాం వచ్చింది. పలక లాంటి దాని మీద ప్లాస్టిక్ పెన్నుతో ఒత్తితే తెర మీద ముద్ద లోపలికి పోతుంది, లాగితే పైకొస్తుంది. చర్మం మీద రంధ్రాలు, నరాలు, పాత గాయం మచ్చ, అన్నీ దిద్దొచ్చు. జీబ్రష్ కి డబ్బు కట్టాలి. తమ్ముడు ముందు నేర్చుకున్నది బ్లెండర్ మీద. అది ఎవరికైనా ఉచితం. ఆ ఒక్క మాట వల్లే మా పేట పిల్లోడు ఆ పనిలోకి రాగలిగాడు. మంచి విద్య ఒకటి ఉచితంగా దొరికితే ఏమవుతుందో మాకు తెలుసు కాబట్టే ఆ మాట రాస్తున్నాను.

2020లో లాక్ డౌన్ వచ్చి వాడు ఇంటికి చేరాడు. అప్పుడే బొమ్మల పని మొదలైంది. గేము కోసం కాదు, కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే విగ్రహాల కోసం. పెద్దవాళ్లు బొమ్మలు కొనుక్కుంటారంటే మా అమ్మ నమ్మలేదు. ఆ లోకం గురించి నాకు తమ్ముడే చెప్పాడు.

జపాన్ లో ఒసాకా పక్కన మోరిగుచి అనే ఊళ్లో కైయోదో అని 1964లో ఒక చిన్న బొమ్మల కొట్టు పెట్టారు. 1980ల్లో అక్కడి కుర్రాళ్లు పెద్ద కంపెనీలు చెయ్యని సినిమా రాక్షసుల బొమ్మల్ని తామే చెక్కి, రబ్బరు అచ్చు తీసి, రెజిన్ పోసి అమ్మడం మొదలెట్టారు. ఇళ్లల్లో, షెడ్లల్లో చేసినవి కాబట్టి గ్యారేజీ కిట్లన్నారు. వాటి కోసం వండర్ ఫెస్టివల్ అని ఒక తిరనాళ్లే పుట్టింది. అమెరికాలో 1994లో సైడ్ షో అనే కంపెనీ వచ్చింది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాలు 2001 నుంచి వస్తుంటే, ఆ సినిమాకి రాక్షసుల్ని చేసిన న్యూజిలాండ్ వర్క్ షాపు శిల్పులే విగ్రహాలూ చేశారు. ఇప్పుడు జపాన్, హాంకాంగ్, బ్రెజిల్, చాలా చోట్ల కంపెనీలున్నాయి. మనిషి ఎత్తులో ఆరో వంతు, నాలుగో వంతు, మూడో వంతు అని సైజులు. వందల డాలర్లు, వెయ్యి దాటినవీ ఉన్నాయి. బొమ్మ తయారవకముందే డబ్బు కట్టి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన కాచుకుంటారు. ఇన్నే చేస్తామని లెక్క చెప్పి, ప్రతి బొమ్మ అడుగున ఎన్నోదో నంబరు వేస్తారు.

ఆ బొమ్మలకి వాడేది పాలియురెథేన్ రెజిన్. రాతి పొడి కలుపుతారు, బరువు కోసం. చేత్తో పట్టుకుంటే చల్లగా, రాయిలా ఉంటుంది. కంప్యూటర్లో చెక్కినదాన్ని ప్రింటర్లో పొరలు పొరలుగా తీసి, నున్నగా రుద్ది, దానిమీద సిలికాన్ రబ్బరు అచ్చు తీసి, రెజిన్ పోస్తారు. ఈ పోతపని, రంగుల పని ఎక్కువగా చైనాలో గ్వాంగ్ డాంగ్ ఫ్యాక్టరీల్లో అవుతుంది. మొదటి బొమ్మ చెక్కిన శిల్పి పేరు కొన్ని కంపెనీలు వేస్తాయి. మొదటి బొమ్మకి రంగు వేసినవాళ్ల పేరు కూడా ఒక్కోసారి వేస్తారు. ఆ తర్వాత వెయ్యి బొమ్మలకి అతుకు గీతలు గీకి, సాన పట్టి, ఒక్కొక్క కంటి రెప్పా దిద్దిన వాళ్ల పేరు ఎక్కడా ఉండదు. బొమ్మకి నంబరుంటుంది. చేసినోళ్లకి అది కూడా ఉండదు. ఇది చెప్తుంటే పక్క గదిలోంచి మావయ్య దగ్గుతూ అన్నాడు. "అయితే ఆళ్లూ మనోళ్లే."

ఇంకో కథ కూడా చెప్పాడు తమ్ముడు. జపాన్ లో మురకామి అని పేరున్న కళాకారుడు. 1997లో నిలువెత్తు అమ్మాయి బొమ్మ ఒకటి చేయించాడు. చెక్కడానికి కైయోదోలో బొమ్మలు చేసే బోమె అనే అతని సాయం తీసుకున్నాడు. ఫైబర్ గ్లాసు బొమ్మే. 2003లో న్యూయార్క్ లో వేలం వేస్తే 5 లక్షల 67 వేల డాలర్లు పలికింది. మావయ్య ఆ బొమ్మ ఫోటో చాలాసేపు చూశాడు. ధర గురించి అడగలేదు. "మ్యాటు ఎన్ని పొరలేశారో" అన్నాడు.

తమ్ముడి పని చేతులు. ఒక్క బొమ్మని ముగ్గురు నలుగురు పంచుకుంటారు. ఒకరు మొహం, ఒకరు బట్టలు, ఒకరు పీఠం. చేతులు చెయ్యడం అందరికన్నా కష్టం. పిడికిలి బిగిస్తే చర్మం ఎక్కడ ముడత పడుతుంది, ఏ నరం లేస్తుంది, పనిచేసే వేలుకి గోరు ఎలా అరుగుతుంది, ఇవి తెలియాలి. గొడ్డలి పట్టుకున్న ఒక వీరుడి చేతులు చెయ్యమని పంపారు. ఏ గేమో, ఎవరి బొమ్మో చెప్పకూడదని ఒప్పందం. కాబట్టి నేనూ చెప్పను. తమ్ముడు మావయ్యని పెరట్లో కూచోబెట్టి, చేతికి గొడ్డలి ఇచ్చి, చుట్టూ తిరిగి నలభై ఫోటోలు తీశాడు. రెజిన్ మందుకి తోలు లేచిపోయి మళ్లీ మొలిచిన చేతులు. గోళ్లు పగిలిన చేతులు. ఆ చేతుల్నే చెక్కాడు. బొమ్మ అమ్మకానికి వచ్చాక ఫోటో పెద్దది చేసి మావయ్యకి చూపించాం. తల ఎవడిదో, ఒళ్లు ఎవడిదో. చేతులు మాత్రం మా మావయ్యవి. ఆ చేతులిప్పుడు కొన్ని వందల ఇళ్లల్లో అద్దాల వెనక ఉన్నాయి. వాటికి రోజూ దుమ్ము దులుపుతున్నారు.

బొమ్మ కింద పేరు కంపెనీది. పక్కన తమ్ముడికి పనిచ్చిన స్టూడియోది. వాడి పేరు లేదు. "ఎవరి పేరెడితే ఏంట్రా, కూలొచ్చిందా లేదా?" అంది అమ్మ. కూలొచ్చింది. అమ్మ మాటలో తప్పు లేదు. కూలే రాని రోజులు చూసిన మనిషి ఆమె. కానీ కూలి ఇచ్చేశాం కదా, ఇంక పేరెందుకు అనేవాళ్లు వేరు. వాళ్ల నోట్లో అదే మాట వేరేగా ఉంటుంది.

బొమ్మ ఎవరిదన్నా చేస్తే హక్కు కొనాలట. క్రేటోస్ ఒళ్లు సోనీ కంపెనీది. ఎంత ప్రేమతో చెక్కినా అనుమతి లేకుండా అమ్మకూడదు. వండర్ ఫెస్టివల్లో మాత్రం కంపెనీలు కుర్రాళ్లకి ఒక్కరోజు హక్కు ఇస్తాయట. ఆ ఒక్కరోజు, ఆ మైదానంలో, తను చేసిన బొమ్మ తన పేరుతో అమ్ముకోవచ్చు. సాయంత్రం దాటితే చెల్లదు. ఇది విని నాకు నవ్వొచ్చింది. మాకూ ఇచ్చారు కదా ఒక్కరోజు. ఏప్రిల్ 14. ఆ రోజు పెద్దలందరూ మా పేటకొస్తారు, దండ వేస్తారు, మాతో కలిసి ఫోటో దిగుతారు. 15న మా ఇంటి ముందు నుంచి వెళ్తూ కళ్లెత్తి చూడరు. కానీ ఒక తేడా ఉంది. అంబేద్కర్ బొమ్మకి ఎవరి దగ్గరా హక్కు కొనక్కర్లేదు. నీలం కోటు, చేతిలో పుస్తకం, చాపిన వేలు. ఏ పేటవాళ్లైనా చందాలేసుకుని నిలబెట్టుకోవచ్చు. లోకంలో ఇన్ని బొమ్మలున్నాయి. అమ్మకానికి కాక, మనుషుల కోసం మనుషులే పెట్టుకున్న బొమ్మ అది.

2023 మే నెలలో అమ్మనీ మావయ్యనీ హైదరాబాదు తీసుకెళ్లాం. అంతకు ముందు నెల 14న అక్కడ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం తెరిచారు. కింద పీఠమే 50 అడుగులు. మావయ్య మెడ వెనక్కి వాల్చి చూసి చూసి, "ఫైబర్ కాదు, లోపల ఇనుము, పైన కంచు రేకు" అన్నాడు. తర్వాత "లోపలికెల్లనిత్తారా?" అని అడిగాడు. అందరూ బయట నుంచి చూసేదాన్ని ఆయన లోపల నుంచి చూడాలంటున్నాడేంటా అనుకున్నాను. ఎందుకో ఏడాది తర్వాత తెలిసింది.

ఆ ప్రయాణంలోనే తమ్ముడికి ఒక పిలుపొచ్చింది. అక్కడ ఒకాయన బొమ్మలు పోగు చేస్తాడు. కొత్తగా తెప్పించుకున్న క్రేటోస్ దారిలో విరిగింది. రెజిన్ గట్టిదే గానీ సన్నగా ఉన్నచోట గాజులా విరుగుతుంది. కత్తి మొనలు, గుడ్డ అంచులు, వేళ్లు. తమ్ముడితో నేనూ వెళ్లాను. గది మొత్తం బొమ్మలే. ఏసీ చల్లదనం, ఎండ పడకుండా తెరలు. బ్యాట్ మాన్, జోకర్, రెక్కల రాక్షసులు. నిజం చెప్పాలంటే నేను నోరు తెరిచి చూశాను. ఒక ముసలి మంత్రగాడి బొమ్మ ముందు ఆగిపోయాను. కంటి కింద సంచి, తడి మెరుపు. చెయ్యి దానంతటదే లేచింది. "మేడమ్, ముట్టుకోకండి" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. తన పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వడట. చేతి చెమటకి, నూనెకి రంగు చెడుతుందట. అది నిజమే. కానీ ఆ మాట చెవిలో పడగానే నా చెయ్యి వెనక్కి వచ్చిన వేగం ఉందే, అది ఆ గదిలో నేర్చుకున్నది కాదు. మా అమ్మమ్మ నాటి నుంచి వచ్చింది.

తమ్ముడు విరిగిన మణికట్టులో సన్నటి రంధ్రం వేసి, ఇత్తడి తీగ దిగ్గొట్టి, ఎపాక్సీతో అతికాడు. అతుకు మీద పుట్టీ, సాన, రంగు. మూడు గంటలు. ఆయన అద్దం పెట్టి వెతికినా అతుకు కనపడలేదు. చాలా మెచ్చుకున్నాడు. "ఈ పని మీ వంశంలో ఉందా? మీరు ఏమిట్లు?" అని అడిగాడు. శిల్పం చేసే కులం పేరు వస్తుందని కాచుకున్నట్టుంది. తమ్ముడు సామాను సర్దుకుంటూ, "మాదిగోళ్లమండి. మా తాత చెప్పులు కుట్టేవాడు. అతుకు కనపడకుండా కుట్టడం మా ఇంట్లో పనే" అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. మేం మెట్లు దిగుతుంటే తలుపు సందులోంచి కనపడింది. మెత్తటి గుడ్డతో బొమ్మని తలనుంచి కాలిదాకా తుడుస్తున్నాడు. సాన పొడి కోసం తుడిచాడేమో. అయి ఉండొచ్చు. మాకు మాత్రం దారంతా మాటల్లేవు.

పేరు సంగతి ఇంకొకటి చెప్పాలి. 2022లో మా కోనసీమ వేరే జిల్లా అయింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామన్నారు. మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. రోజుల తరబడి ఫోన్లలో నెట్ తీసేశారు. తమ్ముడు బయటిదేశానికి పంపాల్సిన బొమ్మ ఫైలు ఇంట్లోనే ఉండిపోయింది. గడువు దాటిందని సగం కూలి కోసేశారు. ఎందుకు ఆలస్యమైందో తమ్ముడు వాళ్లకి ఇంగ్లీషులో రాద్దామని కూచున్నాడు. ఒక మనిషి పేరు పెట్టినందుకు ఊరు తగలబెట్టుకున్నారని ఎలా రాయాలో తెలియక, 'సాంకేతిక కారణాలు' అని రాశాడు. మావయ్య అప్పుడన్న మాట నాకు మర్చిపోబుద్ధి కాదు. "బొమ్మెడితే ఓర్సుకుంటారమ్మా. పేరెడితే ఓర్సుకోలేరు." ఆ ఆగస్టులో ఆ పేరే ఖాయమైంది. మా బడి బోర్డు మీద ఇప్పుడు జిల్లా పేరు అదే.

2024లో రోడ్డు వెడల్పు చెయ్యడానికి మా పేట మొదట్లో ఉన్న అంబేద్కర్ బొమ్మని పక్కకి జరపాల్సి వచ్చింది. ఆ బొమ్మ 2001లో మావయ్య పనిచేసిన షెడ్డు నుంచే తెచ్చాం. పీఠం కింద రాళ్లు తీసి, కుర్రాళ్లు బొమ్మని నెమ్మదిగా పక్కకి వాల్చారు. అడుగు భాగం తెరుచుకుని ఉంది. లోపల చీకటి, సాలీడు గూళ్లు. మావయ్య ఆయాసపడుతూ వచ్చి, "ఫోను లైటు లోపలికి కొట్టండ్రా. గుండె దగ్గర చూడండి" అన్నాడు.

కోటు గుండీల వెనక, లోపలి పొర మీద, రెజిన్ ఆరకముందు వేలితో రాసిన అక్షరాలు. మావయ్య పేరు, ఇంటిపేరు, మా పేట పేరు, తేదీ. పక్కన ఐదు వేళ్ల ముద్ర. మూడో తరగతి దాటని మనిషి రాత. 'త' కి తలకట్టు లేదు. ఇరవై మూడేళ్లుగా మేం ఆ బొమ్మకి దండలేస్తున్నాం. లోపల ఈ చెయ్యి ఉందని ఎవరికీ తెలియదు.

"ఒక్క దీనికేనా మావయ్యా?" అన్నాను.

"నా చెయ్యి పడిన అన్నిటికీ. ముట్టుకోవద్దన్న దేవుళ్లకీ" అన్నాడు.

ఎన్ని గుళ్లు, ఎన్ని సెంటర్లు! లోపల ఒక మాదిగోడి పేరు మోస్తూ నిలబడ్డాయి. దండం పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. ఆ పేరు నేను ఇక్కడ రాయడం లేదు. మావయ్యే వద్దన్నాడు. "నేను రాసుకున్నా కదమ్మా, నువ్వెందుకు మళ్లీ" అన్నాడు. కుర్రాళ్లు బొమ్మని కొత్త పీఠం మీద నిలబెట్టే ముందు, తమ్ముడు లోపలికి చెయ్యి పెట్టి ఆ ముద్రలో తన వేళ్లు ఆనించి చూసుకున్నాడు. సరిగ్గా పట్టాయి.

ఆ తర్వాత తమ్ముడు కూలి పనితో పాటు సొంత బొమ్మ మొదలెట్టాడు. ప్రింటరు కన్నా ముందు కొన్నది మాస్కు, చేతి తొడుగులు. ప్రింటరు రెజిన్ ఆరకముందు చర్మానికి తగిలితే మంచిది కాదు. గది కిటికీకి ఫ్యాను బిగించాడు. మావయ్య ఊపిరితిత్తులు మా ఇంటికి నేర్పిన పాఠం అది. మనిషి ఎత్తులో నాలుగో వంతు బొమ్మ. మా తాత. డప్పు చంకన వేసుకుని, చిటికెన పుల్ల, సిర్రా పట్టుకుని, దెబ్బకి ముందు చెయ్యి లేపి ఉంటాడు. తాతకి ఫోటో లేదు. అమ్మ చెప్తుంటే చెక్కాడు. ముక్కు అలా కాదు, ఇంకా చదునుగా అని అమ్మ ఎన్నిసార్లో దిద్దించింది. ఆ ముక్కు, ఆ పెదవి, ఆ నలుపు ఏ కంపెనీ బొమ్మల జాబితాలోనూ ఉండవు. వీరుడంటే ఇలా ఉండాలని వాళ్ల దగ్గర ముందే అచ్చులున్నాయి. మా తాత ఆ అచ్చులో పట్టడు. అందుకని తమ్ముడు అచ్చే కొత్తది చేశాడు.

అడుగున నంబరు లేదు. మూడు పేర్లున్నాయి. తాతది, మావయ్యది, తమ్ముడిది. పైకి కనపడేట్టుగా, పీఠం ముందు భాగంలో, తెలుగులో. మొదటి బొమ్మ నా బడికిచ్చాడు. నా బల్ల మీద పెట్టాను. అద్దాల పెట్టె చేయిస్తానని హెడ్మాస్టరు గారు అన్నారు. వద్దన్నాను. మా పిల్లలు వచ్చి డప్పు మీద వేలితో కొడతారు, తాత ముక్కు తడుముతారు, పీఠం మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. డప్పు అంచున అప్పుడే రంగు పోయి తెల్లటి రెజిన్ బయటపడింది.

"అక్కా, మళ్లీ రంగెయ్యనా?" అన్నాడు తమ్ముడు మొన్నొచ్చినప్పుడు.

"ఏసవిలో ఏద్దువులే. ఇంకా చాలామంది ముట్టుకోవాలి" అన్నాను.